పై రెప్ప మీద కంతి మూడోసారి: మళ్లీ గీకించాలా, ముక్క పరీక్షకు పంపాలా?

రాజోలు విజన్ సెంటర్:

అందరికీ నమస్కారం అండీ. సెంటర్‌కి వచ్చిన ఒక కేసు మీద సలహా కావాలి.

లంక గ్రామం నుంచి వచ్చిన 61 ఏళ్ల ఆవిడ. కుడి కన్ను, పై రెప్ప, బయటి మూల వైపు కంతి. నొప్పి లేదు. ఏడాది లోపే రెండు వేర్వేరు చోట్ల కోసి గీకించుకున్నారు, రెండుసార్లూ అదే చోట తిరిగొచ్చింది. తీసినదాన్ని ల్యాబ్‌కి పంపినట్టు ఏ చీటీలోనూ లేదు. ఇప్పుడు స్కేలు పెట్టి కొలిస్తే అడ్డంగా 9 మిల్లీమీటర్లు. పైన చర్మం కదులుతోంది గానీ కంతి మాత్రం లోపల టార్సస్ పలకకి (రెప్పకి గట్టిదనం ఇచ్చే లోపలి పలక) అతుక్కుపోయినట్టుంది. కంతి ఉన్నంత మేర రెప్ప వెంట్రుకలు రాలిపోయాయి. రెప్ప తిరగేస్తే పసుపు ఛాయ, ఉపరితలం గరుగ్గా ఉంది. ఆ ఒక్క కన్నే నాలుగైదు నెలలుగా ఎర్రగా ఉంటోంది, ఎడమ కన్ను శుభ్రంగా ఉంది. షుగర్ ఉంది, మందులు వాడుతున్నారు.

ఇంట్లోవాళ్లు వేడి చేసిందనుకుని కంటి మీద నందివర్ధనం పూలు పెడుతున్నారు, కొబ్బరినీళ్లు తాగిస్తున్నారు. ఈ వారం మళ్లీ గీకించేస్తే పోతుందన్న ఆలోచనలో ఉన్నారు. ఇంకోచోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామన్నారట. నేను ఆపాను. ఆపింది సరైనదేనా? ముక్క తీయించాలంటే ఎలా తీయించాలి, ఎలా పంపించాలి? ఒకవేళ క్యాన్సర్ అయితే కన్ను తీసేస్తారేమోనని వాళ్ల భయం, దానికి ఏం చెప్పాలి?

రెప్పల సర్జన్, కాకినాడ:

సరిగ్గా ఆపారండి. ఇంజెక్షన్ అసలొద్దు. మీరు రాసిన గుర్తులన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. సెబేషియస్ గ్రంథి కార్సినోమా (నూనె గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్) కాదని ముక్క పరీక్షలో తేలేదాకా అదేనన్నట్టు నడుచుకోవాలి.

పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో రెప్ప క్యాన్సర్లలో పదికి తొమ్మిది బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్లే, సెబేషియస్‌ది వందకి ఐదు లోపే. మన దేశంలో ఆసుపత్రుల లెక్కలు అలా ఉండవు. రెప్ప క్యాన్సర్లలో మూడో వంతు నుంచి సగం దాకా సెబేషియస్‌వే. అందుకే పుస్తకంలో చదివిన 'అరుదు' అన్న మాట పట్టుకుని మన ఓపీలో కూర్చోకూడదు. ఇది ఎక్కువగా రెప్పలోని నూనె గ్రంథుల్లో, అంటే మైబోమియన్ గ్రంథుల్లో పుడుతుంది. పై రెప్పలో ఆ గ్రంథులు 30-40 దాకా ఉంటాయి, కింద అంతకంటే తక్కువ. పై రెప్పలో రెండు మూడు రెట్లు ఎక్కువ కనబడటానికి కారణం అదే. 'చేలో ఎండకి తిరగడం వల్ల వచ్చింది' అని ఇంట్లోవాళ్లకి చెప్పకండి. బేసల్, స్క్వామస్ రకాలకి ఎండతో ఉన్నంత స్పష్టమైన సంబంధం దీనికి లేదు.

ముందు గీకినవాళ్లు దీన్ని కలేజియన్ అనుకుని ఉంటారు. కలేజియన్ అంటే గ్రంథి నాళం మూసుకుపోయి లోపలి కొవ్వు చుట్టూ వచ్చిన వాపు. కోస్తే జిగురు గుజ్జు వచ్చి లోపల ఖాళీ అవుతుంది, గోడ చేతికి తెలుస్తుంది. కార్సినోమాని గీకితే గుజ్జు రాదు. పసుపుపచ్చటి, పెళుసు పలుకులు వస్తాయి, గోడ ఎక్కడుందో తెలియదు, రక్తం ఎక్కువ. రెండుసార్లు గీకినవాళ్లు ఆ తేడా గమనించి ఒక్కసారి ల్యాబ్‌కి పంపి ఉంటే ఏడాది కలిసొచ్చేది. వెంట్రుకలు రాలడం కూడా పెద్ద గుర్తే. కలేజియన్ వెంట్రుక కుదుళ్లని నొక్కుతుందే గానీ సాధారణంగా తినేయదు.

ఒక కన్నే ఎర్రబడటం ఇంకా ముఖ్యం. ఈ క్యాన్సర్ కణాలు కంతిగా పెరగడమే కాకుండా కంజంక్టైవా (రెప్ప లోపలా తెల్లగుడ్డు మీదా ఉండే పలచటి పొర) పైపొరలో విడివిడిగా పాకుతాయి. దాన్ని పేజెటాయిడ్ వ్యాప్తి అంటాం. అప్పుడు అది కంతిలా కనబడదు, తగ్గని కండ్లకలకలా, రెప్ప అంచు పుండులా కనబడుతుంది. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే రెండు మూడు వారాలు ఎరుపు తగ్గి అందరూ మోసపోతారు. ఆవిడకి ఏ చుక్కలు నడుస్తున్నాయో చూసి, స్టెరాయిడ్ కలిసినవైతే ఎవరు రాశారో వాళ్లతో మాట్లాడి ఆపించండి.

ఈరోజు మీ సెంటర్‌లోనే చేయగలిగినవి: కళ్లు మూసి, తెరిచి, రెప్ప తిరగేసి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు. చెవి ముందు, దవడ కింద, మెడ పక్కన బిళ్లలు (ఉబ్బిన లింఫ్ గ్రంథులు) తడిమి చూడటం. కనుగుడ్డు ముందుకొచ్చిందా, అన్ని వైపులా తిరుగుతోందా, నుదురు మీదా చెంప మీదా దూదితో తాకితే స్పర్శ రెండు వైపులా సమానంగా ఉందా అన్నది. స్పర్శ తగ్గితే నరాల వెంట పాకిందని అనుమానించాలి. రెఫరల్ చీటీలో ఇవన్నీ రాయండి, 'లేదు' అన్నవి కూడా.

ముక్క తీయడం గురించి. చర్మం పైనుంచి పలచగా గీసిన పొర పనికిరాదు, క్యాన్సర్ ఉండేది టార్సస్‌లో. రెప్ప అంచు నుంచి పూర్తి మందం, అంటే చర్మం, కండ, టార్సస్, కంజంక్టైవా నాలుగూ వచ్చేలా 3-4 మిల్లీమీటర్ల వెడల్పున ముక్క తీయాలి. మత్తు మందు కంతిలోకి కాకుండా చుట్టూ ఎక్కించాలి. కోత తర్వాతి ఆపరేషన్‌లో తీసేసే ప్రాంతం లోపలే పడాలి. ముక్క చేతికొచ్చేదాకా కాటరీ (కాల్చి రక్తం ఆపే పరికరం) ముట్టుకోకూడదు, కాలిన అంచు మీద ఏ పెథాలజిస్టూ ఏమీ చెప్పలేరు.

స్లైడు_బల్ల:

పెథాలజీ వైపు నుంచి నాలుగు మాటలు. చాలా కేసులు పాడయ్యేది ఇక్కడే.

ముక్కని ఫోర్‌సెప్స్‌తో నడుము దగ్గర నొక్కి పట్టుకోవద్దు, అంచు దగ్గర మెల్లగా పట్టుకోండి. చిన్న కాగితం ముక్క మీద చదునుగా పరిచి, అర నిమిషం ఆగి, కాగితంతో సహా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయండి. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. సెలైన్‌లో వేసినా, స్పిరిట్‌లో వేసినా, తడి గాజుగుడ్డలో చుట్టి బస్సులో పంపినా ముక్క పాడవుతుంది. రెడీమేడ్ ఫార్మలిన్ లేకపోతే ల్యాబ్‌లో కలుపుకోవచ్చు: 37-40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900, అందులో మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. బఫర్ లేకుండా నీళ్లు మాత్రమే కలిపితే పులిసి, స్లైడు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి.

ఫారంలో 'కలేజియన్' అని ఒక్క మాట రాసి పంపకండి. వయసు, ఏ రెప్ప, ఎన్నిసార్లు తిరిగొచ్చింది, వెంట్రుకలు రాలాయా, 'సెబేషియస్ కార్సినోమా అనుమానం' అన్నీ రాయండి. కొవ్వుకి రంగు పట్టించే ఆయిల్ రెడ్ ఓ పరీక్ష కావాలంటే ముందే ల్యాబ్‌కి ఫోన్ చేయాలి. మైనపు బ్లాకు చేసేటప్పుడు ఆల్కహాల్, జైలీన్ కలిసి కొవ్వుని కరిగించేస్తాయి, అప్పుడు ఆ రంగుకి పట్టుకోడానికేం మిగలదు. ఇప్పుడు బ్లాకు మీదే అడిపోఫిలిన్, ఆండ్రోజెన్ రిసెప్టర్, ఈఎంఏ మార్కర్లు (కణం ఏ రకమో చెప్పే రంగు పరీక్షలు) చేయొచ్చు. బెర్-ఈపీ4 అనే ఇంకో మార్కర్ బేసల్ సెల్‌లో పాజిటివ్, సెబేషియస్‌లో మామూలుగా నెగెటివ్. ఏ ఒక్క మార్కర్ మీదా తీర్పు చెప్పేయకూడదు, నాలుగూ కలిపి చూడాలి.

రిపోర్టుల్లో దొర్లే తప్పులు రెండు. కణాలు సరిగా రూపం తీసుకోని కేసుల్ని 'పూర్లీ డిఫరెన్షియేటెడ్ స్క్వామస్ సెల్ కార్సినోమా' అని రాసేయడం ఒకటి. రెండోది, 'లిపోగ్రాన్యులోమా (అంటే కలేజియన్ వాపు), క్యాన్సర్ లేదు' అని రాగానే అందరూ ఊపిరి పీల్చుకోవడం. కణితి నాళాన్ని మూసేస్తే దాని పక్కనే నిజమైన కలేజియన్ కూడా పుడుతుంది. ముక్క ఆ వాపు నుంచే వచ్చి ఉండొచ్చు. కంటికి కనిపించేదీ రిపోర్టూ కలవకపోతే ఇంకా లోతుగా మళ్లీ తీయండి.

పాలకొల్లు క్లినిక్:

మంచి సమాచారం అండీ. కానీ రెప్ప మీద కంతుల్లో అత్యధికం కలేజియన్లే కదా. ట్రయామ్సినలోన్ (స్టెరాయిడ్ ఇంజెక్షన్) ఒక్క డోసు వేసి నాలుగు వారాలు చూస్తే నష్టమేంటి? ప్రతి ఒక్కరికీ ముక్క తీయాలంటే జనం రారు.

రెప్పల సర్జన్, కాకినాడ:

డాక్టరు గారూ, మొదటిసారి వచ్చిన కంతి, పాతికేళ్ల మనిషి, వెంట్రుకలు బాగున్నాయి అనుకోండి. వేడి కాపడం రోజుకి నాలుగుసార్లు పది నిమిషాల చొప్పున, తగ్గకపోతే మిల్లీలీటరుకి 40 మిల్లీగ్రాములుండే ట్రయామ్సినలోన్ మందు 0.1-0.2 మిల్లీలీటర్లు. అక్కడ మీ మాట సరే. ఇక్కడ నలభై దాటిన వయసు, అదే చోట తిరిగి రావడం, వెంట్రుకలు పోవడం, ఒకే కన్ను ఎరుపు, నాలుగూ ఉన్నాయి. వీటిలో ఒక్కటున్నా ఇంజెక్షన్ వేయకూడదు. స్టెరాయిడ్ చుట్టూ ఉన్న వాపుని తగ్గిస్తుంది, కంతి చిన్నదైనట్టు కనిపిస్తుంది, మనిషి ఇంటికెళ్లిపోతారు, కింద కణితి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ప్రతి ఒక్కరికీ పూర్తి మందం ముక్క తీయమనడం లేదు. గీకిన ప్రతి కంతిలోంచీ వచ్చినదాన్ని చిన్న సీసాలో వేసి పంపమంటున్నాను. దానికి అదనంగా కోత అక్కర్లేదు.

రాజోలు విజన్ సెంటర్:

మూడు వారాల తర్వాత రాస్తున్నానండి. పూర్తి మందం ముక్క తీశారు. రిపోర్టు: 'సెబేషియస్ కార్సినోమా, మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్, టార్సస్‌లోకి పాకింది, కంజంక్టైవాలో పేజెటాయిడ్ వ్యాప్తి ఉంది.' చేతికి బిళ్లలేమీ తగలడం లేదు, మెడ అల్ట్రాసౌండ్ శుభ్రం. వాళ్లబ్బాయి 'కంతి సెంటీమీటరు కూడా లేదు, రెప్ప అంతా ఎందుకు తీస్తారు' అని అడుగుతున్నారు.

రెప్పల సర్జన్, కాకినాడ:

వాళ్లబ్బాయికి కాగితం మీద గీసి చూపించండి. పై రెప్ప పొడవు సుమారు 28-30 మిల్లీమీటర్లు. కంతి 9. కంటికి కనిపించే అంచు దాటి రెండు పక్కలా 5 మిల్లీమీటర్ల చొప్పున మంచి కండ తీయాలి. 9కి 10 కలిపితే 19. రెప్పలో మూడింట రెండొంతులు. తక్కువ తీస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి, అప్పుడు కనుగూటి దాకా వెళ్తుంది. ప్రస్తుతానికి క్యాన్సర్ దశలు నిర్ణయించే ఏజేసీసీ పుస్తకం ఎనిమిదో ఎడిషన్ ప్రకారం ఇది టీ1బీ దశ: 10 మిల్లీమీటర్ల లోపు, టార్సస్‌ని పట్టింది. ఆపరేషన్‌లో తీసిన మొత్తం రెప్ప చూశాక రెప్ప పూర్తి మందమూ పోయిందని తేలితే టీ1సీ అవుతుంది.

'కన్ను తీసేస్తారా' అన్నదానికి జవాబు: ఈ దశలో తీయరు. కణితి కనుగూట్లోకి పాకినప్పుడే ఎగ్జెంటరేషన్, అంటే కనుగుడ్డుతో సహా గూడంతా తీసేయడం. ఆ మాట వాళ్లకి ఈరోజే చెప్పండి. ఆ భయంతోనే చాలామంది ఆపరేషన్ మానేసి ఇంటికెళ్లిపోతారు.

తీసే ముందే, లేదా అదే సిటింగ్‌లో, కంజంక్టైవా మ్యాప్ బయాప్సీలు చేయాలి. పై రెప్ప లోపల, కింది రెప్ప లోపల, ముక్కు వైపు, చెవి వైపు, కనుగుడ్డు చుట్టూ నాలుగు దిక్కులా, రెండు మిల్లీమీటర్ల చొప్పున పదికి పైగా ముక్కలు. ఒక్కో ముక్కకి ఒక్కో సీసా, సీసా మీద చోటు పేరు. ఆ లేబుళ్లు కలిసిపోతే చేసిన పనంతా వృథా.

అంచులు ఫ్రోజెన్ సెక్షన్‌లో (ఆపరేషన్ మధ్యలోనే ముక్కని గడ్డకట్టించి చేసే పరీక్ష) చూసి మూసేయడం మామూలు పద్ధతే గానీ, పేజెటాయిడ్ కణాలు ఫ్రోజెన్‌లో తేలిగ్గా తప్పించుకుంటాయి. ఇలాంటి కేసులో అనుమానం ఉంటే గాయాన్ని వెంటనే మూయకుండా, ఆయింట్‌మెంట్ దట్టంగా పెట్టి నల్లగుడ్డు ఎండకుండా కాపాడి, మైనపు బ్లాకు రిపోర్టు వచ్చాక రెప్ప కట్టడం మేలు. తీసిన ముక్కకి ముక్కు వైపు ఒక పొడవు దారం, చెవి వైపు ఒక పొట్టి దారం కట్టి ఫారంలో బొమ్మ గీయండి. కణితి తీశాక గ్లోవ్స్, పనిముట్లు మార్చాకే కొత్త రెప్ప పని మొదలు పెట్టాలి.

రెప్ప కట్టడం: పావు వంతు లోపు పోతే, వయసు మీద పడి రెప్ప వదులైతే మూడో వంతు దాకా పోయినా, నేరుగా కుట్టేయొచ్చు. సగం దాకా అయితే చెవి వైపు చర్మాన్ని అర్ధచంద్రాకారంగా తిప్పే టెంజెల్ ఫ్లాప్. ఆవిడకి అంతకంటే ఎక్కువ పోతుంది కాబట్టి కట్లర్-బియర్డ్ పద్ధతి రావచ్చు. కింది రెప్ప అంచుకి 4-5 మిల్లీమీటర్ల దిగువన కోసి, అంచులో పారే రక్తనాళాన్ని తెగకుండా వదిలి, కింది రెప్ప నుంచి ఫ్లాప్‌ని ఆ అంచు కిందుగా పైకి లాగి పై రెప్ప ఖాళీలో కుడతారు. ఆ ఫ్లాప్‌లో టార్సస్ ఉండదు కాబట్టి చెవి మృదులాస్థి ముక్క మధ్యలో పెడితే రెప్ప లోపలికి ముడుచుకోదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కన్ను మూసే ఉంటుంది, తర్వాత విడదీస్తారు. ఒకే కన్నుతో బతుకుతున్నవాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు. షుగర్ అదుపు తప్పితేనూ, లంక పొగాకు చుట్ట అలవాటుంటేనూ ఫ్లాప్ అంచు నల్లబడి ఊడిపోతుంది. చుట్ట ఈరోజే మాన్పించండి.

కంజంక్టైవాలో మిగిలిన పేజెటాయిడ్ వ్యాప్తికి గడ్డకట్టించి కరిగించే క్రయో రెండు విడతలు, లేదా మైటోమైసిన్ సి అనే క్యాన్సర్ మందు 0.02-0.04 శాతం చుక్కలు. ఇవి పైపొరకే. కంతి మిగిలిపోయి ఉంటే చుక్కలు దాన్ని కరిగించవు. నరాల వెంట పాకినా, బిళ్లల్లో దొరికినా, ఆపరేషన్‌కి తట్టుకోలేకపోయినా కరెంటు (రేడియేషన్) పెట్టాలి. మోతాదు 55 గ్రే (రేడియేషన్ కొలత) కంటే తగ్గితే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. కన్ను ఎండిపోవడం, శుక్లం త్వరగా రావడం దాని వెల.

ఇంకొకటి. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌లో అదే బ్లాకు మీద డీఎన్ఏ తప్పుల్ని సరిచేసే మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్లు, అంటే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 చూడగలరేమో అడగండి. అవి లోపిస్తే, లేదా ఆవిడకో రక్తసంబంధీకులకో పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్ ఉంటే, వంశపారంపర్యంగా వచ్చే మ్యూర్-టోర్ సిండ్రోమ్ అనుమానించి కొలనోస్కోపీ దాకా వెళ్లాలి.

లంక నర్సు:

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదండి. ల్యాబ్ నుంచి స్లైడ్లు, మైనపు బ్లాకు రెండూ అడిగి తీసుకోండి, పెద్ద ఆసుపత్రిలో మళ్లీ చూస్తారు. బ్లాకు ఎండలో, స్కూటర్ డిక్కీలో పెడితే మైనం మెత్తబడుతుంది. చేతి సంచిలో పెట్టుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు, ఆధార్, మీరు తీసిన ఫొటోలు కూడా. కార్డు మీద చేస్తారో లేదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గర అడ్మిషన్‌కి ముందే తేల్చుకోండి, అనుమతి రాకముందు డబ్బు కట్టేస్తే తర్వాత ఇబ్బంది. కంటి క్యాన్సర్‌కి ప్రత్యేక విభాగం కావాలంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉంది. నరసాపురం నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. విజయవాడ, విశాఖల్లోనూ వాళ్ల క్యాంపస్‌లున్నాయి, ముందు అక్కడ చూపించుకోవచ్చు.

కన్ను మూసి ఉన్న ఆ వారాల్లో చూసుకోవాల్సింది ఫ్లాప్ మీద వంతెనలా మిగిలిన కింది రెప్ప అంచు. దాని కింద పుసి, చీము చేరతాయి. మరిగించి చల్లార్చిన నీళ్లు లేదా సెలైన్‌లో ముంచిన సన్న దూది పుల్లని వంతెన కింద ముక్కు వైపు నుంచి చెవి వైపుకి మెల్లగా ఒక్కసారి జరిపి పారేయాలి, అదే పుల్ల తిరిగి తేకూడదు. రోజుకి రెండుసార్లు, తర్వాత ఆయింట్‌మెంట్. వంతెనని పైకెత్తి చూడకండి, రక్తనాళం నలుగుతుంది. రంగు నీలం లేదా నలుపు తిరిగితే ఆ రోజే ఆసుపత్రికి. ఆ కన్ను తెరిచేదాకా లోతు అంచనా ఉండదు. రేవు మెట్లు, పడవ ఎక్కడం దిగడం, పంటు (బల్లకట్టు) మీద నడవడం, వీటికి పక్కన మనిషి ఉండాలి. పూలు, పాలు, ఆముదం ఏవీ కంటి దగ్గరికి రానివ్వకండి.

పాలకొల్లు క్లినిక్:

అర్థమైందండి, గీకినవన్నీ ఇకనుంచి పంపిస్తాను. మెర్కెల్ సెల్ అనే క్యాన్సర్ ఒకటి ఉందని విన్నాను, అది దీనికి ఎలా తేడా?

స్లైడు_బల్ల:

అది ఇంకా అరుదు, కానీ వేగం ఎక్కువ. వారాల్లో పెరిగే, నొప్పిలేని, నున్నటి ఎర్ర ఊదా కంతి, తరచూ పై రెప్ప మీదే. ముసలివాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో. 2008లో దానికి ఒక పాలియోమా వైరస్‌తో సంబంధం బయటపడింది. స్లైడు మీద సీకే20 అనే మార్కర్ కేంద్రకం పక్కన చుక్కలా పడుతుంది, టీటీఎఫ్-1 మార్కర్ నెగెటివ్ ఉండాలి, లేకపోతే ఊపిరితిత్తి నుంచి వచ్చిందేమో చూడాలి. కంతి చిన్నదైనా బిళ్లల పరీక్ష తప్పనిసరి. కరెంటుకి బాగా లొంగుతుంది.

రాజోలు విజన్ సెంటర్:

ఆవిడకి ఆపరేషన్ తేదీ ఇచ్చారండి. తర్వాత ఎన్నాళ్లు చూడాలి? మైటోమైసిన్ రాస్తే రాజోలులో ఇంట్లో ఎలా వేయించాలి?

రెప్పల సర్జన్, కాకినాడ:

మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి, ఆ పైన ఏడాదికోసారి. ప్రతిసారీ రెండు రెప్పలూ తిరగేసి చూడాలి, చెవి ముందు, మెడ తడమాలి. మధ్యలో ఆసుపత్రికి రాలేని నెలల్లో మీ సెంటర్‌లోనే ఇదంతా చేసి ఫొటో పంపండి.

మైటోమైసిన్ మామూలుగా రోజుకి నాలుగుసార్లు ఒక వారం, తర్వాత వారం విరామం, మళ్లీ ఒక వారం. ఇలా ఎన్ని విడతలన్నది కన్ను చూసి నిర్ణయిస్తారు. విడదీయకముందు, గాయం మానకముందు వేయకూడదు. ఆసుపత్రిలో కలిపి ఇచ్చిన సీసా ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో తెచ్చి ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా పెట్టాలి. సీసా మీద రాసిన గడువు దాటితే పనిచేయదు. కన్నీటి రంధ్రానికి ప్లగ్ పెట్టి పంపుతారు. పెట్టకపోతే చుక్క వేశాక ముక్కు మూల ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మందు ముక్కులోకి, గొంతులోకి దిగుతుంది. వేసే ముందు రెప్ప చుట్టూ చర్మానికి వ్యాసలైన్, వేశాక కారినదాన్ని టిష్యూతో తుడిచేయడం. వేసేవాళ్లు గ్లోవ్స్ తొడుక్కోవాలి, ఇంట్లో గర్భిణులుంటే వాళ్ల చేత వేయించొద్దు. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి పెరిగినా చుక్కలు ఆపి ఫోన్ చేయాలి. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు దెబ్బతింటే తిరిగి రావు. ఖాళీ సీసాలూ టిష్యూలూ కాలవలోనూ చెత్తకుప్పలోనూ పారేయకుండా కవర్లో కట్టి, వచ్చేటప్పుడు ఆసుపత్రికే తిరిగి ఇచ్చేయమనండి.